కీ ఎవరిచ్చారు?

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం, పిల్లలూ పెద్దలూ కలిసిన సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం.

వెనక వరసలో కూర్చున్న పెద్దవాళ్ళకి ముందే ఒక మాట చెప్పాలి. మీ మొహాలు చూస్తుంటే పిల్లల్ని దింపడానికొచ్చి ఇరుక్కుపోయినట్టున్నారు. (నవ్వులు) వీడియో గేముల మీద గంటసేపు మాట్లాడేదేముంది అనుకుంటున్నారు కదా. భయపడకండి, గేములన్నిటి గురించీ మాట్లాడను. ఒక్క బొమ్మ గురించి మాట్లాడతాను. అదిగో, తెర మీద ఉంది. పొట్టి కాళ్ళు, తలకి మించిన దవడ, వీపు మీద ఒక కీ. చూశారా, కీ తిరుగుతోంది. అదొక్కటీ గుర్తుపెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

దీని పేరు మెకాకూపా. 1990 నవంబరు 21న జపాన్‌లో సూపర్ ఫ్యామికామ్ అనే వీడియో గేమ్ యంత్రం అమ్మకానికి వచ్చింది. దాంతోపాటే ‘సూపర్ మారియో వరల్డ్’ ఆట వచ్చింది. ఆ ఆటలో చివరి ప్రాంతాల్లో కనిపించే శత్రువు ఇది. శత్రువంటే మీరు చాలా ఊహించుకోవద్దు. టకటకా నడుస్తుంది, తగిలితే మారియోకి, అంటే ఆటలో మనం నడిపించే హీరోకి, దెబ్బ. అంతే దాని బతుకు.

నాకిది మొదటిసారి కనబడింది 2003 ప్రాంతంలో, ఒక నెట్ సెంటర్లో. గంటకి ఇంత అని కట్టి, ఇంటర్వ్యూ ప్రశ్నలు వెతుక్కుంటున్నామని ఇంట్లో చెప్పి, పాత గేములు ఆడేవాళ్ళం. ఇది కనబడగానే నాకు గుర్తొచ్చింది మారియో కాదు, ఒక రేకు కప్ప.

చిన్నప్పుడు చందనోత్సవానికి సింహాచలం తీసుకెళ్ళారు. ఆ ఎండలో, ఆ క్యూలో, స్వామి నిజరూపం చూసిన జ్ఞాపకం నాకు లేదు, ఒట్టు. కొండ దిగాక కొన్న రేకు కప్ప మాత్రం గుర్తుంది. పక్కన కీ ఉంటుంది, నాలుగు తిప్పులు తిప్పి నేలమీద పెడితే టిక్ టిక్ అంటూ గెంతుతుంది. మూడో రోజుకి దాన్ని విప్పేశాను. లోపల స్ప్రింగు ఒక్కసారి విప్పుకుని నా వేలు కోసింది. నాన్న షిప్‌యార్డులో ఫిట్టరు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. వేలికి పసుపు పెట్టి, ఆ ముక్కలన్నీ పాత పేపరు మీద పేర్చి, “ఇది చూడ్రా, నువ్వు తిప్పిన తిప్పు ఈ స్ప్రింగులో దాక్కుంటాది. ఈ పళ్ళ చక్రాలు దాన్ని కొంచెం కొంచెంగా వదుల్తాయి. వదలడం అయిపోతే కప్ప ఆగిపోద్ది” అన్నారు. ఆయన ఇవాళ ఇక్కడే ఉన్నారు, రెండో వరసలో. ఆ కప్పని మళ్ళీ బిగించలేకపోయారు, ఆ మాట మాత్రం ఆయన ఎవరికీ చెప్పరు. (నవ్వులు)

ఇంకో సరదా చూడండి. మన భాషలో కీలుబొమ్మ అని ఒక మాట ఉంది. కీలు అంటే అతుకు, మోకాలి కీలు, తలుపు కీలు అన్నట్టు. ఇంగ్లీషు కీకి, మన కీలుకి ఏ చుట్టరికమూ లేదు. అయినా చిన్నప్పుడు నేను కీ ఉంటుంది కాబట్టే కీలుబొమ్మ అంటారనుకునేవాణ్ణి. ఒకరు ఆడిస్తే ఆడేది, తనకంటూ బుద్ధి లేనిది. ఆ అర్థంలో తప్పేం అనుకోలేదేమో.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ప్లాట్‌ఫామ్ గేమ్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో: గెంతుతూ, గట్ల మీద నుంచి గట్ల మీదకి దూకుతూ ముందుకి పోయే ఆట. మారియో, సోనిక్, మెగామ్యాన్ అన్నీ ఆ జాతే. వీటిలో దారికి అడ్డంగా చిన్న చిన్న శత్రువులుంటారు. పుట్టగొడుగులు, తాబేళ్ళు, చేపలు, గబ్బిలాలు, మొక్కలు. వాటి మధ్యలో కొన్ని యంత్రాలు. నా వాదన ఏంటంటే, ఈ శత్రువులన్నీ నిజానికి యంత్రాలే. యంత్రంలా కనిపించేవి ఆ సంగతి ఒప్పుకుంటాయి, మిగతావి దాచుకుంటాయి.

ఎలాగో చెప్తాను. 1985లో వచ్చిన మొదటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆట మొత్తం 40 కిలోబైట్లు. బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాం, అన్ని స్టేజీలూ కలిపి. ఇప్పుడు మీ ఫోన్లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. ఆ ఆట నడిచే ఫ్యామికామ్ యంత్రానికి పని చేసుకోడానికి ఉన్న జ్ఞాపకం 2 కిలోబైట్లు. అందుకే ఆ ఆటలో మబ్బు, పొద ఒకటే బొమ్మ. రంగు మార్చి పైన పెడితే మబ్బు, కింద పెడితే పొద. గూంబా అనే పుట్టగొడుగు నడుస్తుంటుంది కదా, దాని నడకకి రెండు బొమ్మలు గీయలేదు. ఉన్న ఒక్క బొమ్మనే అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిప్పుతారు. తిప్పిందే తిప్పుతుంటే మనకి నడిచినట్టుంటుంది. ఇంత బీదరికంలో ఆ పుట్టగొడుగుకి బుద్ధి ఎక్కణ్ణించి వస్తుంది? ఎడమకి నడువు, అడ్డం తగిలితే వెనక్కి తిరుగు. అంతే దానికి తెలిసింది. కోపంగా కనుబొమలు ముడిచిన మొహం మాత్రం పెట్టారు. మనమీద పగ ఉన్నట్టు నటిస్తుంది పాపం.

అదే ఆటలో ఇంకో శత్రువుంది. నల్ల ఫిరంగి, అందులోంచి వచ్చే గుండు. బుల్లెట్ బిల్ అంటారు. జపాన్‌లో దాని పేరు కిల్లర్. ఐదో ప్రపంచంలో, అంటే ఆటలో ఐదో భాగంలో, మొదటిసారి వస్తుంది.

తొంభైల్లో మా ఇంట్లో ఒక టీవీ గేమ్ ఉండేది. పేరులేని కంపెనీది. క్యాసెట్ మీద 9999 ఆటలు అని రాసుండేది, లోపల లెక్కేస్తే పాతిక కూడా ఉండవు, అవే మళ్ళీ మళ్ళీ. మీలో చాలామందికి తెలుసు, నవ్వుతున్నారంటేనే తెలుస్తోంది. క్యాసెట్ పనిచేయకపోతే తీసి ఊదేవాళ్ళం. ఒకరోజు నాన్న డ్యూటీ దిగి వచ్చి, టీ తాగుతూ వెనక కూర్చుని చూస్తున్నారు. నేను ఐదో ప్రపంచంలో ఫిరంగుల దగ్గర లైఫులు పోగొట్టుకుంటున్నాను. కాసేపు చూసి, “ఒరే, నువ్వు దాని పక్కన నిలబడితే అది పేల్చట్లేదు, చూశావా?” అన్నారు. నేను పట్టించుకోలేదు. “దూరంగా ఉన్నప్పుడే పేలుస్తోంది. దీనికెవడో లిమిట్ స్విచ్ పెట్టాడ్రా” అన్నారు. హద్దు దాటగానే మిషన్‌ని ఆపేసే స్విచ్ అన్నమాట.

నిజమే. ప్రోగ్రాంలో అలాగే రాసి ఉంది. తెర వెడల్పు 256 చుక్కలు. మారియో ఫిరంగికి అటూ ఇటూ సుమారు 40 చుక్కల లోపల ఉంటే గుండు బయటికి రాదు. ఎందుకంటే అంత దగ్గర్లో పేలిస్తే తప్పించుకునే వ్యవధి ఆటగాడికి ఉండదు. అది మోసం అవుతుంది. నాన్నకి గేములు తెలియవు, కానీ మనిషి చెయ్యి దగ్గరికి రాగానే ఆగిపోవాల్సిన మిషన్లు ఆయన రోజూ చూస్తారు. ఫిరంగిని మిషన్ లాగా చూశారు కాబట్టి దాని నియమం కనిపెట్టేశారు. నేను శత్రువులాగా చూశాను కాబట్టి చచ్చాను. (నవ్వులు)

నేను ఇప్పుడు గేములు రాస్తాను, శని ఆదివారాల్లో కాలేజీ పిల్లలకి నేర్పిస్తాను కూడా. ఆ రోజు విన్న లిమిట్ స్విచ్ మాట ఇప్పటికీ నా దగ్గర పనిచేస్తోంది.

ఆ గుండు గురించి ఇంకొంచెం చెప్పాలనిపిస్తోంది, విశాఖపట్నంలో చెప్పకపోతే ఎక్కడ చెప్తాం. ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళినవాళ్ళు చేతులెత్తండి. అందరూ వెళ్ళారు. బంధువులొచ్చినప్పుడల్లా వెళ్ళుంటారు. 1969లో నేవీలో చేరి, 2001లో సెలవు తీసుకుని, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున కూర్చుంది. దాంట్లో టార్పెడోలు వదిలే గొట్టాలు 10 ఉంటాయి, ముందు 6, వెనక 4. పాతకాలం టార్పెడో వదిలాక నేరుగా పోతుంది, వదిలినవాడి పొరపాటు దిద్దదు. బుల్లెట్ బిల్ కూడా అంతే. కింద గొయ్యి ఉన్నా పడిపోదు, ఆ ఆటలో దానికి భూమ్యాకర్షణ లేదు. నిప్పు ఉండలు వేస్తే చలించదు. కానీ నెత్తిన తొక్కితే పడిపోతుంది. సూపర్ మారియో వరల్డ్‌లో నిజంగానే టార్పెడో ఉంటుంది, నీళ్ళలో ఒక చెయ్యి వచ్చి దాన్ని వదిలి వెళ్తుంది. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం చూపించరు.

ఇప్పుడు ఏటికొప్పాక వెళ్దాం. ఇక్కణ్ణించి అనకాపల్లి దాటి, వరాహ నది ఒడ్డున. అంకుడు కర్రని తరిణ పట్టి, లక్కలో ఆకుల రంగులు, గింజల రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా పిల్లలకి నేను మొదటి క్లాసులో ఏటికొప్పాక బొంగరం ఇస్తాను. ఇచ్చి, ఏమీ చెప్పను. పుట్టిన దగ్గర్నుంచీ బొంగరం ముట్టనివాడు కూడా రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పుతాడు. ఎందుకని? ఆ ఆకారమే చెప్తోంది, నన్ను తిప్పు అని. బొమ్మని చూస్తేనే దాని నడవడి తెలిసిపోవాలి. గేములో శత్రువుని గీసేవాడు చేయాల్సింది అదే, పేజీల కొద్దీ సూచనలు రాయడం కాదు.

1987లో వచ్చిన మెగామ్యాన్ చూడండి. జపాన్‌లో రాక్‌మ్యాన్ అంటారు. అందులో మెట్ అని ఒక బుడ్డోడు ఉంటాడు. పెద్ద పసుపు హెల్మెట్, కింద రెండు కళ్ళు. హెల్మెట్ దించుకుని ఉన్నంతసేపూ మన తూటాలు టంగుమని తగిలి పక్కకి పోతాయి. కాసేపటికి హెల్మెట్ ఎత్తి, మూడు తూటాలు వదిలి, మళ్ళీ దించేస్తాడు. ఆ ఎత్తిన క్షణంలోనే కొట్టాలి. స్టీల్ ప్లాంటులోనో షిప్‌యార్డులోనో పనిచేసే వాళ్ళ పిల్లలకి దీన్ని వివరించక్కర్లేదు. హెల్మెట్ ఉన్నంతసేపు తలకి ఏం కాదు, తీశావా నీ ఖర్మ. మరుసటి ఏడాది రెండో మెగామ్యాన్‌లో వీడికి నడవడం కూడా వచ్చింది. నన్నడిగితే కాళ్ళు రాకముందే బాగున్నాడు.

సోనిక్‌లోవి కూడా యంత్రాలే, 1991లో వచ్చింది. డాక్టర్ రోబోట్నిక్ అనేవాడు కుందేళ్ళనీ పిట్టలనీ పట్టుకుని యంత్రాల్లో బిగిస్తాడు. యంత్రం పగలగొడితే లోపలి జంతువు బయటికొచ్చి గెంతుకుంటూ పోతుంది. చక్రం మీద దొర్లే పురుగు ఒకటి, డెక్కల్లోంచి గుళ్ళు పేల్చే పీత ఒకటి. ఆ పీతని చూసి ఫిషింగ్ హార్బర్ దగ్గర పెరిగిన మా స్నేహితుడు ఒకడు, “పీతకి డెక్కలతోటే భయం, మళ్ళీ తుపాకీ ఎందుకురా” అనేవాడు. కథగా చూస్తే గొప్ప ఊహ. చంపుతున్నామన్న బాధ పిల్లలకి లేకుండా చేశారు. ఆటగా చూస్తే మాత్రం నాకు అంత రుచించదు. ఒక్క దెబ్బకి టప్పున పేలిపోయేదానికి నియమం ఏముంటే ఏం, తెలుసుకునే లోపే దాటిపోతాం.

మళ్ళీ మన కీ బొమ్మ దగ్గరికి.

మెకాకూపాని తొక్కితే చావదు. అదీ దాని గొప్ప. గూంబాని మొదటి ఆటలో తొక్కితే అప్పడం అయిపోతుంది, కథ ముగిసింది. ఇది మాత్రం చతికిలబడుతుంది, కదలదు. అప్పుడు దాన్ని చేత్తో ఎత్తుకోవచ్చు. ఎత్తుకుని పరిగెత్తొచ్చు, ముందుకి విసరొచ్చు, పై బటన్ నొక్కిపట్టి వదిలితే ఆకాశంలోకి విసరొచ్చు. కానీ ఎంతసేపు? కొద్ది సెకన్లే. ఆ తర్వాత వణుకుతుంది. వణికిందంటే లేవబోతోందని అర్థం. లేచి మళ్ళీ టకటకా నడక. చేతిలో ఉండగా లేచిందా, పని చెడినట్టే.

మూడు స్థితులు: నడక, మూర్ఛ, వణుకు. ఆ తర్వాత మళ్ళీ నడక. మా క్లాసులో దీన్ని బోర్డు మీద గీస్తే మూడు గుండ్రాలు, మూడు బాణాలు. అంతకంటే లేదు. కానీ ఆ వణుకు అనే మూడో గుండ్రం ఉంది చూశారూ, దాన్ని పెట్టినవాడికి దండం పెట్టాలి. అది లేకుండా కూడా ప్రోగ్రాం నడుస్తుంది. మూర్ఛ అయిపోగానే లేచి తగిలితే తప్పేముంది, నియమం నియమమే కదా. అయినా ముందు చెప్పి లేస్తుంది. ఫిరంగి పక్కన నిలబడితే పేల్చనట్టే, ఇది కూడా లేచేముందు హారన్ కొడుతుంది.

దీని విలువ తెలియక మేమూ దెబ్బతిన్నాం. రెండేళ్ళ కింద మా క్లాసు పిల్లలు ఒక గేమ్ చేశారు, పోర్టు నేపథ్యం. వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ, ముందు కంటైనర్లు, వాటి మీద నుంచి గెంతుతూ పోవాలి. శత్రువు ఒక క్రేను. పైన కంటైనరు పట్టుకుని తిరుగుతుంది, ఎప్పుడు వదులుతుందో తెలియదు. గీసిన అమ్మాయి అద్భుతంగా గీసింది, క్రేను అంటే క్రేనే. ఆడించి చూస్తే మాత్రం ఒక్కడూ రెండో స్టేజీ దాటలేదు. వదిలే సమయాన్ని లెక్కలేకుండా, పాచికలు వేసినట్టు పెట్టాం. బుద్ధి ఉన్నట్టు కనబడాలని మా ఆశ. ఆడినవాళ్ళకి బుద్ధి కనబడలేదు, కక్ష కనబడింది. ఒక కుర్రాడు కంట్రోలర్ నా చేతికిచ్చి “సార్, ఇది గేమ్ కాదు, లాటరీ” అని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే నాన్న, “క్రేను సైరన్ లేకుండా కదిలిస్తే ఫోర్‌మన్ ఊరుకుంటాడేట్రా?” అన్నారు. మర్నాడు మూడు గంట మోతలు పెట్టాం. టంగ్, టంగ్, టంగ్, మూడో గంటకి వదులుతుంది. కింద నీడ కూడా వేశాం. అంతే, పిల్లలు ఆ గంటల్ని లెక్కపెట్టుకుంటూ, పాటకి అడుగు వేసినట్టు దాటేశారు. మేము శత్రువుని బలహీనం చేశామని మొదట బాధపడ్డాం. తర్వాత చూస్తే చచ్చినప్పుడు కూడా నవ్వుతున్నారు. రెండో గంటకే దూకాను, నాదే తప్పు అనుకుంటున్నారు. యంత్రం మీద కోపం పోయింది.

ఇప్పుడు ఆఖరి పోరాటం చెప్తాను, తెర మీద పెట్టండమ్మా. సూపర్ మారియో వరల్డ్‌లో స్టేజీల నుంచి బయటికి దారులు 96 ఉన్నాయి. అన్నీ తిరగక్కర్లేదు, ఎలాగో ఆటలో అసలు విలన్ బౌజర్ కోట పైకి చేరాం అనుకుందాం. చీకటి. బౌజర్ ఒక గిన్నెలాంటి ఎగిరే బండిలో వస్తాడు, దాని మీద నవ్వే విదూషకుడి మొహం. సూపర్ ఫ్యామికామ్‌కి బొమ్మని పెంచి, తగ్గించి, గిరగిరా తిప్పే విద్య ఒకటి ఉంది, మోడ్ 7 అంటారు. దానివల్ల ఆ బండి ఎక్కడో చుక్కలా ఉండి తెర నిండేంతగా మీదికొస్తుంది. 1990లో అది చూసి జనం నోళ్ళు తెరిచారంటే నమ్మొచ్చు. నేను పదమూడేళ్ళ తర్వాత, పాడైపోయిన మానిటర్ మీద చూసి కూడా తెరిచాను.

వాడు పైన, మనం కింద. మన దగ్గర ఆయుధం లేదు. అప్పుడు బౌజర్ ఏం చేస్తాడు? రెండు మెకాకూపాల్ని కిందకి విసురుతాడు.

మీలో కొందరికి ఇప్పటికే తెలిసిపోయింది. మన పురాణాల్లో భస్మాసురుడున్నాడు. వరం ఇచ్చిన శివుడి వెంటే పడ్డాడు, చివరికి మోహిని ఆడించినట్టు ఆడి తన చెయ్యి తన నెత్తినే పెట్టుకున్నాడు. ఇక్కడా చేయాల్సింది అదే. బొమ్మని తొక్కి, ఎత్తి, బౌజర్ కిందకి పరిగెత్తి, పైకి విసిరితే అది వెళ్ళి వాడి నెత్తిన పడుతుంది. రెండు దెబ్బలకి వాడు మంటపుట్టి పైకి వెళ్ళిపోతాడు, నిప్పులు కురుస్తాయి. మధ్యలో వాడు ఎత్తుకొచ్చిన యువరాణి బండిలోంచి తొంగి చూసి మనకో పుట్టగొడుగు పడేస్తుంది. మళ్ళీ వస్తాడు, ఈసారి పెద్ద ఇనుప గుండ్లు కూడా దొర్లిస్తాడు. మూడోసారి తన బండితోనే మనల్ని నలిపేయాలని నేలకేసి గెంతుతాడు. మొత్తం మూడు విడతలు, ఆరు దెబ్బలు. ఆరు దెబ్బలూ వాడిచ్చిన బొమ్మలతోనే.

ఇక్కడ ఇంకో చమత్కారం ఉంది. ఈ ఆటలో మారియోకి గిరగిరా తిరుగుతూ దూకే స్పిన్ జంప్ ఉంటుంది. ఆటంతా అది చాలా గట్టి ఆయుధం. ఇక్కడ కంగారులో స్పిన్ జంప్ కొట్టామా, మెకాకూపా పొడైపోతుంది. ఎత్తుకోడానికి ఏమీ మిగలదు. మళ్ళీ బౌజర్ విసిరేదాకా బిక్కుబిక్కుమంటూ తిరగాలి. బలం ఎక్కువ చూపిస్తే నష్టం, కొంచెం చూపిస్తే లాభం. నెట్ సెంటర్లో నేను దీన్ని అర్థం చేసుకోడానికి నాలుగు గంటల డబ్బులు కట్టాను.

జపాన్‌లో బౌజర్ పేరు కుప్పా. మెకాకూపాని అక్కడ మెకా కుప్పా అంటారు. అంటే ఇది ఏదో ఒక తాబేలు యంత్రం కాదు, బౌజర్ తన పోలికలతో తనే చేసుకున్న బుల్లి బౌజర్. ఆ దవడ వాడిదే. ఇంగ్లీషులో కూపా అంటే ఆ ఆటల్లోని తాబేళ్ళ జాతి పేరు కూడా, అందుకే ఆ పేరులో ఈ సంగతి కొంచెం మసకబారింది. సొంత బొమ్మ నెత్తిన పడి ఓడిపోయాడు అంటే ఆ దెబ్బకి రుచి వేరు కదా.

తర్వాత ఇది చాలా ఆటల్లోకి వచ్చింది. 2019లో వచ్చిన ‘సూపర్ మారియో మేకర్ 2’లో ఆటగాళ్ళే స్టేజీలు కట్టుకోవచ్చు. 2020 ఏప్రిల్‌లో దానికి అప్‌డేట్ ఇచ్చినప్పుడు మెకాకూపాని మూడు రకాలుగా ఇచ్చారు. మామూలుది, క్షిపణి వదిలేది, విద్యుత్ కిరణం వదిలేది. మా పిల్లలకి ఆ రెండూ ఇష్టం. నాకు కాదు. కీ ఇచ్చి వదిలిన బొమ్మ దగ్గర క్షిపణి ఏమిటి చెప్పండి? రేకు కప్ప నోట్లోంచి తారాజువ్వ వచ్చినట్టుంది. పెద్దవాడినయ్యాను, అందుకే ఈ సణుగుడు అనుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. అదిగో, ముందు వరసలో పాప. నిలబడక్కర్లేదమ్మా, కూర్చునే అడుగు.

(పాప: అంకుల్, దాని వీపు మీద కీ తిరుగుతోంది కదా. ఆ కీ ఎవరిచ్చారు?)

చూశారా, మొదట్లో గుర్తుపెట్టుకోమన్నాను, ఒక్కరే పెట్టుకున్నారు. (నవ్వులు) ఆటలో ఎక్కడా ఎవరూ కీ ఇవ్వరమ్మా. బౌజర్ ఇస్తున్నట్టు చూపించరు, ఎప్పుడూ కీ అయిపోదు కూడా. నిజం చెప్పాలంటే ఆ కీ ఉత్త బొమ్మ. మూడు నాలుగు చిత్రాలు మార్చి మార్చి చూపిస్తే తిరిగినట్టుంటుంది, గూంబా నడకలాగే. లోపల ఉండేది స్ప్రింగు కాదు, ఒక సంఖ్య. నువ్వు తొక్కగానే ప్రోగ్రాం ఒక చోట సంఖ్య వేస్తుంది. ఉదాహరణకి 240 అనుకో. సెకనుకి 60 సార్లు ఒక్కొక్కటి చొప్పున తగ్గిస్తూ పోతుంది. 240 కాస్తా 239, 238... అలా నాలుగు సెకన్లకి సున్నా అవుతుంది. సున్నాకి దగ్గర పడేసరికి వణుకు మొదలు, సున్నా కాగానే లేస్తుంది. కాబట్టి కీ ఎవరూ ఇవ్వలేదు.

(రెండో వరసలోంచి: ఇవ్వకపోవడమేట్రా?)

అదిగో, మా నాన్న. మైకు ఇవ్వండి బాబూ ఆయనకి.

(తండ్రి: మైకొద్దు, వినిపిస్తాది. నువ్వు తొక్కినప్పుడు సంఖ్య నింపుతున్నాది అన్నావు. అది కొంచెం కొంచెంగా వదుల్తాది అన్నావు. అయిపోతే సంగతి మారిపోద్ది అన్నావు. మరి స్ప్రింగు చేసేది అదే కదా? తొక్కడమే కీ ఇవ్వడం. పాపా, ఆడేవోళ్ళే ఇస్తన్నారమ్మా.)

(చప్పట్లు)

ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నాకు తట్టలేదు. నాన్నా, ఈ మాట నిన్న రాత్రే చెప్పుంటే నేను ఇంతసేపు నిలబడే పని తప్పేది.

సరే, హాలు ఇంకో అరగంట మనదే. కంట్రోలర్లు రెండే ఉన్నాయి, తోసుకోకుండా వరసలో రండి. పాపా, నువ్వు ముందు రా. బౌజర్ దగ్గరే ఆపి ఉంచాను.